కాన్సో పంతులమ్మ

విజయనగర ప్రభువైన ఆనంద గజపతి మహారాజు, విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన కన్యాశుల్క వివాహములకు ఒక పట్టిక తయారు చేయించిన సంగతి, గురజాడ అప్పారావుగారు తమ నాటకమునకు వ్రాసికొనిన ఆంగ్ల పీఠికను చదివినవారికి తెలిసినదే. ఆ పట్టికకు ఎక్కిన పెండ్లిండ్లు 1,034. వాటిలో ఐదేండ్ల పిల్లలకు జరిగినవి 99, నాలుగేండ్లవారికి 44, మూడేండ్లవారికి 36, రెండేండ్ల పసికూనలకు 6, ఏడాది శిశువులకు 3. ఈ అంకెలను తరగతిలో చదివి వినిపించునప్పుడు పిల్లలు మొదట నవ్వుదురు, పిదప ఊరకుందురు.

ఆ నాటకము వెలువడుటకు ఇంచుమించు ఇరువది యేండ్లకు ముందు, విజయనగరమునకు ఎంతో దూరము గాని శ్రీకాకుళమున, నాగావళి యొడ్డున, ఒక స్త్రీ కొంతకాలము కాపురముండెను. ఆమె 31 ఏండ్లు నిండువరకు వివాహమాడలేదు. పెండ్లి కాలేదని దుఃఖించుచు ఇంట కూర్చుండలేదు. పెండ్లి వలదని వ్రతము పట్టనూ లేదు. దేవుడు తనకొక పని అప్పగించెనని నమ్మి, ఆ పనికై భూగోళమును సగము చుట్టి వచ్చెను. ఆమె పేరు హన్నా మరియా నారిస్. కెనడా దేశపు సంఘ చరిత్రలలో ఆమె పేరు తెలియనివారు లేరు. ఆమె నివసించిన మన ఊరిలో మాత్రము తెలిసినవారు తక్కువ.

కాన్సో అనునది నోవా స్కోషియా భూభాగమునకు తూర్పు కొనయందలి రేవు. ఎదుట అట్లాంటిక్ మహాసముద్రము. ఊరివారి బ్రతుకంతయు చేపల వేట మీదనే. పడవలు బయలుదేరిన నాటినుండి తిరిగి వచ్చువరకు ఆడువారు తీరము వైపు చూపులు నిలిపి యుందురు. మన భీమునిపట్టణములోను, కళింగపట్టణములోను పుట్టి పెరిగినవారికి ఇట్టి ఊరి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. మంచును, చలిని మాత్రము కలిపి ఊహించుకొన్న చాలును. అచ్చట 1842వ సంవత్సరమున మరియా జన్మించెను. అప్పటికి కెనడా అను సమాఖ్య ఏర్పడలేదు. అది 1867లో గాని రాలేదు. నోవా స్కోషియా ఇంకను ఆంగ్లేయుల వలసరాజ్యము.

ఆమె చదువుకొని ఉపాధ్యాయురాలయ్యెను. అక్షరములు నేర్పుటతో ఆమె తృప్తిపడలేదు. ఆ దేశపు ఆదివాసులైన మిక్‌మాక్ జనుల భాషను గూడ అభ్యసించెను. సిలాస్ టెర్షియస్ రాండ్ అను బాప్టిస్టు బోధకుడు ఆ భాషకు నిఘంటువు కూర్చి, బైబిలు భాగములను అనువదించి, ఆ జనుల పురాణగాథలను గ్రంథస్థము చేసిన పండితుడు. ఆమెకు ఆ భాషాభ్యాసము ఆయన యొద్దనే జరిగెను. పరజాతివారి భాషను వారి నోటినుండి వినవలెనను పట్టుదల ఆమెకు ఆనాడే అలవడినట్లు తోచును. తరువాత ఆమె జీవితమంతయు ఒక భాష విడిచి మరొక భాష పట్టుకొనుటగానే సాగెను.

ఆమె మనస్సు బర్మా దేశపు కరెన్ జాతివారి మీదికి పోయినది. దానికి కారణము కలదు. 1813లో రంగూను చేరిన అడోనిరామ్ జడ్సన్ కాలమునుండి అమెరికా బాప్టిస్టులు అచ్చట పనిచేయుచుండిరి. కొండలలో నివసించు కరెన్లలో, పూర్వము తమ జాతి పోగొట్టుకొనిన ఒక దివ్యగ్రంథమును సముద్రము దాటి తెల్లని సోదరులు మరల తెచ్చి యిత్తురను పరంపరాగతమైన కథ యుండెనట. 1828లో కో తా బ్యూ అను కరెన్ బాప్తిస్మము పొందిన పిమ్మట వేలకొలది జనులు ఆ మతమున చేరిరి. నోవా స్కోషియా సంఘములు గూడ 1845లోనే రిచర్డ్ బర్పీ అను బోధకుని బర్మాకు పంపియుండెను. కనుక కాన్సోలో కూర్చున్న పంతులమ్మకు కరెన్ల సంగతి కొత్తది కాదు.

చిక్కు వేరొకచోట నున్నది. ఆ దినములలో దూరదేశములకు సువార్త పనికి పోగోరు స్త్రీకి తెరచియున్న ద్వారము ఇంచుమించు ఒక్కటే: పోనున్న పురుషుని వివాహమాడుట. జడ్సన్ 1812 ఫిబ్రవరి 5వ తేదీన ఆన్ హాసెల్టైన్‌ను పెండ్లాడి, అదే నెల 19వ తేదీన ఓడ ఎక్కెను. పెండ్లి ముహూర్తమునకు ప్రయాణ ముహూర్తమునకు రెండు వారములే ఎడము! భార్యలు భర్తలతో సమానముగ భాషలు నేర్చి, బడులు పెట్టి, జ్వరములతో మరణించిరి. అయినను సంఘముల లెక్కలలో మిషనరీ యనగా భర్తయే. ఒంటరి స్త్రీని పంపుటకు అమెరికా బాప్టిస్టులు 1815లో ఒక ప్రయత్నము చేసిరి. షార్లట్ వైట్ అను వితంతువును బర్మాకు పంపగా, ఆమె వంగదేశము చేరి, అచ్చటి శ్రీరాంపుర మిషనుకు చెందిన జాషువా రో అను బోధకుని వివాహమాడి, బర్మాకు పోనేలేదు. ఒంటరి స్త్రీ మాట వచ్చినప్పుడెల్ల పెద్దలకు ఈ కథ జ్ఞాపకము వచ్చుచుండెననుటలో వింత లేదు. ఆమె ఎచ్చట నివసించును? ఎవరు కాపాడుదురు? నడుమ పెండ్లి చేసికొనిన ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలలో కొన్ని న్యాయమైనవే. పురుషుని విషయమున ఇవి ఎవరికిని తోచకుండుట మాత్రము న్యాయము కాదు.

1870 ప్రాంతమున మరియా నారిస్ తన ప్రాంతపు బాప్టిస్టు విదేశ మిషను సభ వారికి, తనను కరెన్ల యొద్దకు పంపుడని వ్రాసికొనెను. సభవారి యొద్ద ధనము లేదు. ఉన్నను ఇట్టి పనికి వెచ్చించు ధైర్యము లేదు. మర్యాదగానే నిరాకరించిరి. ఇచ్చట సామాన్యులు రెండు పనులలో ఒకటి చేయుదురు. నిరాకరణనే దైవాజ్ఞగా తీసికొని ఊరకుందురు, లేదా కోపించి సంఘమును విడిచి పోదురు. మరియా రెండును చేయలేదు. తాను ఈ సంగతిని తన తండ్రియగు దేవునితో చెప్పుకొనగా ఆయన పొమ్మనెననియు, మీ యొద్దకు పంపెననియు, మీరు పంపలేకపోయినను తాను పోక తప్పదనియు వినయముతోనే తెలియజేసెను. ఇది మొండితనమని ఆనాడు అనుకొన్నవారు ఉండియుందురు. కాని మొండివాడు దారి మూసికొనును. ఈమె తెరచియున్న దారిని వెదకెను. బోస్టను పట్టణమున అమెరికా బాప్టిస్టు మిషనువారి సహాయము కోరుటకై బయలుదేరి హేలిఫాక్స్ రేవుకు వచ్చెను.

ఆ రేవులో ఆమె కథ మలుపు తిరిగినది. ఓడ ప్రయాణమునకు సిద్ధముగ నున్న సమయమున సంఘపు పెద్దలు కొందరు వచ్చి ఆమెను ఆపిరి. సంఘములలోని స్త్రీలు ఆమె పోషణ భారమును వహించునట్లు ఆమెయే కూడగట్టగలిగినచో, సొంత సంఘముల పక్షముననే పంపుదుమని చెప్పిరి. మీకు కావలసిన ధనమును మీరే సంపాదించుకొనుడని చెప్పుట పెద్దలకు సులభము. ఆమెకు మాత్రము అది సులభము కాదు. సామానులు ఓడనుండి దింపించుకొని ఆమె వెనుకకు మరలెను.

వెళ్లవలసిన దారిలో ఇంతదూరము వచ్చి, దించిన పెట్టెలతో రేవున నిలుచున్న ఆ యువతిని తలచుకొన్నప్పుడు, దేవుని నమ్ముట యనగా నేమో కొంత తెలియును. ఓడ ఎక్కుటకు ఎంత విశ్వాసము కావలెనో, ఎక్కబోవు ఓడను విడుచుటకు అంతకంటె ఎక్కువ కావలెను. ఆమెకప్పుడు 27 ఏండ్లు.

1870 జూన్ 18వ తేదీన సొంత ఊరైన కాన్సోలోనే మొదటి స్త్రీల మిషనరీ సహాయ సంఘము ఏర్పడినది. తరువాత ఆ వేసవి యంతయు ఆమె నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రములలో ఊరూరు తిరిగెను. స్త్రీలు బహిరంగసభలలో మాటలాడుట అప్పటి సంఘములలో అలవాటు లేని పని. అందుచేత స్త్రీల కూటములనే ఏర్పరచి, వారితోనే మాటలాడెను. వారందరును చేపలు పట్టువారి భార్యలు, చిన్న కమతముల రైతుల ఇల్లాండ్రు, ఓడ వడ్రంగుల తల్లులు, ఆమెవంటి పంతులమ్మలు. వారి చేతిలో స్వంత ధనము అనునది అరుదు. గ్రుడ్లమ్మిన డబ్బులు, వెన్నమ్మిన డబ్బులు మాత్రమే వారివి. అట్టివారిని కూర్చి ఆమె కొద్దినెలలలోనే ముప్పదికి పైగా సంఘములను స్థాపించెను. కెనడాలో స్త్రీల మిషనరీ సంఘములకు ఇవియే నాంది యని చరిత్రకారులు చెప్పుదురు. సంఘ వ్యవహారములలో పద్దులు వ్రాయుట, కార్యవర్గమును ఎన్నుకొనుట, ఉత్తర ప్రత్యుత్తరములు నడుపుట ఆ ఇల్లాండ్రు తొలిసారిగ నేర్చినది ఇచ్చటనే. ఒక్కరిని పంపుటకై పుట్టిన సంఘములు ఆ యొక్కరితో ఆగిపోలేదు. తిరస్కరింపబడి యుండనిచో మరియా నేరుగా బర్మాకు పోయి యుండును, ఇవి పుట్టియే యుండవు.

1870 శరత్కాలమున ఆమె ఓడ ఎక్కెను. బర్మా చేరి, అచ్చటి అమెరికా బాప్టిస్టుల పనిలో పాలుపంచుకొనుచు, కరెన్ భాష నేర్చుకొని, మూడేండ్లకు పైగా ఆ జనులలో పనిచేసెను.

ఈ మూడేండ్లను చరిత్రకారులు నాలుగు పంక్తులలో ముగించి, తరువాత జరిగిన వివాహమునకు పరుగెత్తుదురు. అది సరికాదని నా యభిప్రాయము. ఆమె విశ్వాసమునకు పరీక్ష జరిగినది ఇచ్చటనే. పయనమున ఉత్సాహముండును, పోరాటమున పౌరుషముండును. పరదేశమున వానకాలపు సాయంకాలమున, తనతో సొంత భాష మాటలాడు తోడు లేని ఇంట, దీపము వెలిగించుకొని రేపటి పాఠమునకు కొత్త భాషలో మాటలు వెదకుకొనుటయందు అవి రెండును ఉండవు. అపొస్తలుడైన పౌలు, తాను ఏ స్థితిలో నున్నను తృప్తి కలిగియుండుటను నేర్చుకొంటినని ఫిలిప్పీ సంఘమునకు వ్రాసెను గదా. తృప్తి తనకు పుట్టుకతో వచ్చినదని ఆయన చెప్పలేదు, నేర్చుకొంటిననెను. ఉపాధ్యాయులకు ఈ భేదము బాగుగ తెలియును. ఆ పౌలును అవివాహితుడే. కొరింథు సంఘమునకు వ్రాసిన లేఖలో ఆయన పెండ్లిని నిందింపక, పెండ్లి లేమిని శాపమనక, ఎవరికి ఏ స్థితిలో పిలుపు వచ్చెనో ఆ స్థితిలో దేవునితో నిలువుడని బోధించెను. మరియా మూడేండ్ల జీవితము దానికి వ్యాఖ్యానము వంటిది. ఆమె వెనుక మిన్నీ డివుల్ఫ్ అను మరియొక అవివాహిత యువతిని గూడ ఆ స్త్రీల సంఘములు బర్మాకు పంపెను. ఒంటరి స్త్రీ నిలువలేదను వాదమునకు అప్పుడే జవాబు వచ్చినదన్నమాట.

1873లో ఆ ప్రాంతపు బాప్టిస్టులు ఏడుగురు మిషనరీల నొక్కసారిగ సాగనంపిరి. రూఫస్ శాన్‌ఫర్డ్, జార్జి చర్చిల్, విలియం ఫ్రెడరిక్ ఆర్మ్‌స్ట్రాంగ్ మున్నగువారు అందులోనివారే. సయాం దేశపు కరెన్లలో పనిచేయవలెనని వారి సంకల్పము. 1874లో మరియా నారిస్ ఆర్మ్‌స్ట్రాంగును వివాహమాడెను.

ఇన్నాళ్లు ఓపికపట్టినందుకు దేవుడామెకు మంచి భర్తను బహుమానముగ నిచ్చెనని చెప్పుట కొందరికి ప్రీతి. ఇట్లు చెప్పినచో ఆమె ఒంటరి యేండ్లన్నియు కేవలము నిరీక్షణ కాలమగును. పెండ్లి కాని ఎందరో సేవికల జీవితములు ఫలము రాని చెట్లగును. మన తెలుగునాటనే చూడుడు: 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు 1930లో అచ్చటనే కన్నుమూయువరకు అవివాహితగానే యుండెను, ఆమె పేర ఆసుపత్రి నిలిచినది. ఆమెకు బహుమానము రాలేదందుమా? మరియా పెండ్లికి ముందు చేసిన పని పెండ్లి తరువాత చేసిన పనికి పీఠిక కాదు. ఆమె తోడు లేక నడచినది, తోడు దొరికిన పిదప తోడుతో నడచినది. నడక మాత్రము ఒక్కటే.

సయాం సంకల్పము నెరవేరలేదు. అడవులు, కొండలు వెదకి చూడగా, ఒక మిషను నిలుపుటకు తగినంతమంది కరెన్లు అచ్చట లేరని తేలెను. ఏండ్ల తరబడి నేర్చిన కరెన్ భాష ఆమెకు ఒక్కసారిగ నిరుపయోగమైనది. ఈ సమయమున కాకినాడనుండి పిలుపు వచ్చెను. అచ్చట టామస్ గేబ్రియల్ అను తెలుగువాడు, తంతి శాఖలో ఉద్యోగమును విడిచి, సొంతముగ ఒక మిషను ప్రారంభించి, అప్పులపాలై, 1875 ఆరంభమున మరణించెను. ఆయన పనిని 1874లో అంటారియో, క్విబెక్ బాప్టిస్టుల పక్షమున జాన్ మెక్లారిన్ చేపట్టియుండెను. గోదావరికి ఉత్తరమున తెలుగుదేశము విశాలముగ పడియున్నది, రండని మెక్లారిన్ మున్నగువారు కోరిరి. 1875లో నోవా స్కోషియా బృందము సయామును విడిచి కాకినాడలో దిగెను. అచ్చట తెలుగు నేర్చుకొని వారు ఉత్తరమునకు సాగిరి. శాన్‌ఫర్డులు భీమునిపట్టణమున, చర్చిల్ దంపతులు బొబ్బిలిలో, ఆర్మ్‌స్ట్రాంగు దంపతులు 1878 ప్రాంతమున శ్రీకాకుళమున నిలిచిరి.

అప్పుడది చికాకోలు; గంజాము మండలములోని ఊరు. శ్రీకాకుళము మండలము వేరుగ ఏర్పడినది 1950లో. ఒకప్పుడు సన్నని మల్లునేతకు పేరుపొందిన పట్టణము. నవాబుల కాలపు వైభవమునకు 17వ శతాబ్దపు పెద్ద మసీదు సాక్షి. ఆర్మ్‌స్ట్రాంగులు వచ్చునాటికి ఆ నేత క్షీణించినది. 1866 నాటి కరవు జనుల జ్ఞాపకమున పచ్చిగానే యున్నది. 1876 నాటి తుపాను వరదలకు నాగావళి వంతెన కూలి ఎంతో కాలము కాలేదు. క్రైస్తవమతము మాత్రము ఆ ప్రాంతమునకు అపరిచితము కాదు. లండను మిషనువారు పూర్వమే అచ్చట పనిచేసియుండిరి. పర్లాకిమిడి ప్రాంతమున జన్మించి, తెలుగు క్రైస్తవ కీర్తనలకు జీవము పోసిన పురుషోత్తమ చౌదరిగారు 1890వరకు జీవించియే యుండిరి. నేటికిని తెలుగు సంఘములు పాడుకొను పాటలలో ఎన్నియో ఆయనవి.

కరెన్ అక్షరములు విడిచిపెట్టి, మరియా తెలుగు గుణింతములకు కూర్చుండెను. దొరసాని కనుక పురుషులు పోలేని ఘోషా ఇండ్లకు ఆమె పోగలదు. అచ్చట ఆమెకు కనబడినది ఆనంద గజపతివారి పట్టికలోని పిల్లలే: బొమ్మలాటల వయస్సున పుస్తెలు కట్టించుకొన్నవారు, ఆ బొమ్మలాటలు ముగియకమునుపే పుస్తెలు తీయించుకొన్నవారు. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపినది 1881 డిసెంబరులో. అప్పటికి ఆ వివాహము ఇంకను జరుగలేదు. స్త్రీ జీవితమున పెండ్లి తప్ప వేరొక అర్థము లేని సమాజమున, పెండ్లికి ముందే తన జీవితమునకు అర్థము కనుగొనిన స్త్రీ ప్రవేశించినది. ఆ ఇల్లాండ్రు ఆమెను ఏమని ప్రశ్నించిరో మనము ఊహించుకొనవచ్చును. మన అవ్వలు అట్టి ప్రశ్నలు అడుగక మానరు గదా.

చికాకోలు నివాసము ఎంతో కాలము సాగలేదు. 1880 తరువాతి దశాబ్దమున దంపతులు మరల బర్మాకే చేరి, అమెరికా బాప్టిస్టుల పక్షమున పనిచేసిరి. కాని ఈసారి కరెన్లలో కాదు. రంగూనులోని తెలుగువారిలోను, తమిళులలోను! సయాం దారి మూసికొని, కాకినాడ మీదుగ శ్రీకాకుళము చేరి నేర్చుకొనిన తెలుగు, సముద్రము దాటి బర్మాలో అక్కరకు వచ్చినది.

రంగూనును మన ఉత్తరాంధ్ర జనులు రంగమందురు. రంగము పోయిన మేనమామ, రంగము పోయి తిరిగిరాని తాత లేని ఊరు ఈ తీరమున అరుదు. గంజాము, విశాఖపట్టణ మండలములనుండి కూలీలు కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ఓడ లెక్కి పోవుచుండిరి. రంగూను రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో పనిచేయుట వారి వృత్తి. అచ్చటివారు వీరిని కోరంగీలు అనిరి. కిక్కిరిసిన బస ఇండ్లు, మేస్త్రీల వడ్డీలు, రోగములు వారి పాలు. పోయినవారిలో అధికులు పురుషులు. పెండ్లామును, పిల్లలను ఊరియందు విడిచి సంవత్సరముల తరబడి ఒంటరిగ బ్రతికినవారు. పరదేశపు ఒంటరితనము ఎట్టిదో మరియాకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆమె 1919లో మరణించెను. అప్పటికి ఆమె స్థాపించిన స్త్రీల సంఘములు అర్ధ శతాబ్దము పూర్తిచేయబోవుచుండెను. ఆ సంఘములు పంపిన అవివాహిత స్త్రీలు శ్రీకాకుళము, బొబ్బిలి, విజయనగరము, పాలకొండ, టెక్కలి ప్రాంతములలో బాలికల బడులు నడుపుచు, ఘోషా ఇండ్లకు చదువు మోసికొనిపోవుచుండిరి. వారిని పంపుటకు సభవారు ఇక వెనుకాడలేదు. ధనము స్త్రీలదే గనుక వారిని అడుగువారును లేరు. ఓడలు ఇంకను నెలనెల మన రేవులనుండి రంగమునకు కూలీలను చేరవేయుచునే యుండెను.